హ్యాష్ రన్: పామాయిల్ కొండల్లో పరుగుకి ఐదు స్టార్లు, ఆ తర్వాతి సర్కిల్‌కి రెండున్నర

ముందే చెప్పేస్తున్నా, పరుగుకి ఐదుకి ఐదు, పరుగయ్యాక సర్కిల్ అని జరిగే తంతుకి రెండున్నర, ఏర్పాట్లకి మూడు, ఆ మూడు కూడా నేను ఇవాళ మంచి మూడ్‌లో ఉన్నాను కాబట్టి.

కేఎల్‌లో, అంటే కౌలాలంపూర్‌లో, ఉండే మనవాళ్ళకి వీకెండ్ అంటే ఏముంటుందండీ, ఇండియా నుంచి చుట్టాలొస్తే బాటు కేవ్స్‌లో 272 మెట్లు ఎక్కించడం, జెంటింగ్ కేబుల్ కార్, బ్రిక్‌ఫీల్డ్స్‌లో అరిటాకు భోజనం, మిగతా టైమంతా ఏదో ఒక మాల్‌లో ఏసీ కింద. గంట కారు నడిపితే చాలు హులు లంగాట్, సెమెన్యి వైపు కొండలు, పామాయిల్ తోటలు, పాత రబ్బరు తోటలు, వాటి వెనక అడవి. కానీ అందులోకి మనంతట మనం వెళ్ళలేం, దారి తెలీదు, కుక్కలు, పాములు, అడవి పందులు, ఫోన్ సిగ్నల్ ఉండదు. అలాంటి చోటికి యాభై అరవై మందితో కలిసి వెళ్ళి, దారి తప్పి, మళ్ళీ పట్టుకుని, బురద కొట్టుకుని బయటికి రావడానికి ఒక పద్ధతుంది, అదే హ్యాష్. పూర్తి పేరు హ్యాష్ హౌస్ హ్యారియర్స్. నేను వెళ్ళిన క్లబ్బు పేరు రాయట్లేదు, ఎందుకంటే కింద కొంచెం తిట్లు కూడా ఉన్నాయి, పైగా ఈ చుట్టుపక్కల ఇలాంటి క్లబ్బులు బోలెడు, వారంలో ఏ రోజైనా ఎక్కడో ఒకచోట ఎవరో ఒకరు పరిగెడుతూనే ఉంటారు.

ఇది పుట్టిందే కేఎల్‌లో. 1938లో గిస్పర్ట్ అని ఒక అకౌంటెంట్, ఇంకొందరు ఇంగ్లీషు ఉద్యోగులు కలిసి మొదలెట్టారు. వాళ్ళలో కొందరు ఉండేది సెలంగోర్ క్లబ్బు అనుబంధ భవనంలో, అక్కడి తిండి ఎంత ఘోరంగా ఉండేదో ఏమో గానీ దానికి హ్యాష్ హౌస్ అని ముద్దుపేరు పెట్టుకున్నారు, ఆ పేరే పరుగుకీ అంటుకుంది. ఆ భవనం ఇప్పుడు లేదు. ఆట మాత్రం ఇంగ్లండ్ స్కూళ్ళలో పిల్లలు ఆడుకునే కాగితాల వేటే, ఒకళ్ళో ఇద్దరో ముందు కాగితం ముక్కలు చల్లుకుంటూ వెళ్తారు, మిగతావాళ్ళు ఆ ముక్కలు పట్టుకుని వెంటపడతారు. గిస్పర్ట్ పాపం 1942 ఫిబ్రవరిలో సింగపూర్‌లో జపాన్ వాళ్ళతో జరిగిన యుద్ధంలో చనిపోయాడు. యుద్ధం అయ్యాక 1946లో మిగిలినవాళ్ళు మళ్ళీ మొదలెట్టారు, చాలా ఏళ్ళు దాదాపు ఈ ఒక్క ఊళ్ళోనే ఉండిపోయింది, 1962లో సింగపూర్‌లో ఇంకోటి వచ్చాక మెల్లగా ప్రపంచమంతా పాకింది. 1978లో హాంగ్‌కాంగ్‌లో అన్ని దేశాల హ్యాష్ వాళ్ళూ ఒకచోట కలిసే ఇంటర్‌హ్యాష్ మొదటిసారి పెట్టారు, 2002లో అది మన గోవాకి కూడా వచ్చింది. 1950లో ప్రభుత్వం దగ్గర రిజిస్టర్ చేయించుకున్నప్పుడు రాసుకున్న ఆశయాలు చదివితే నవ్వొస్తుంది, ఒళ్ళు గట్టిగా ఉంచుకోవాలి, వీకెండ్ తాగిన హ్యాంగోవర్ దిగగొట్టాలి, బాగా దాహం పుట్టించుకుని దాన్ని బీరుతో తీర్చుకోవాలి, పెద్ద వయసు మెంబర్లకి మీరనుకున్నంత ముసలోళ్ళు కాదండీ అని నమ్మకం కలిగించాలి. అంతే. ఎక్కడా గెలవాలి అని లేదు చూశారా, నాకు నచ్చింది అదే.

ఎందుకంటే నేను మామూలు ట్రైల్ రేసులకి కూడా వెళ్తుంటాను, అక్కడ రిజిస్ట్రేషన్‌కే చేతి చమురు వదులుతుంది, టీషర్టు, మెడల్, కాలికి టైమింగ్ చిప్, చివరికి ఫలానా కటాఫ్ లోపు రాలేదని డీఎన్ఎఫ్, అంటే పూర్తి చేయలేదు, అని ముఖాన రాస్తారు. నాలాంటి నెమ్మది బండికి అది రన్ కాదు, మూడు గంటల పరీక్ష. ముందువాళ్ళు మొదటి పది నిమిషాల్లోనే మాయం, తర్వాతంతా ఒంటరి ప్రయాణమే. హ్యాష్‌లో అలా జరగకుండా ఆటలోనే ఒక కిటుకు పెట్టారు, దాని పేరు చెక్.

అదెలాగంటే, హేర్స్ అని ఆ వారం దారి వేసే ఇద్దరు ముగ్గురు ఉంటారు, వాళ్ళు పొద్దున్నో ముందు రోజో వెళ్ళి ఆఫీసు కాగితాలు సన్నగా తురిమిన ముక్కలు అడుగడుగునా వేసుకుంటూ పోతారు, కొమ్మల మీద, మట్టల మీద, రాళ్ళ మీద. మనం ఆ తెల్ల ముక్కలు చూసుకుంటూ పరిగెత్తాలి, కనపడగానే ఆన్ ఆన్ అని గట్టిగా అరవాలి, వెనకున్నవాళ్ళకి వినపడాలి కదా. ఉన్నట్టుండి ఒకచోట కాగితం ఆగిపోతుంది. అదే చెక్. అక్కణ్ణుంచి అసలు దారి ఎటైనా ఉండొచ్చు, ఎడమకి, కుడికి, పైకి, ఒక్కోసారి వచ్చిన దారిలోనే వెనక్కి. స్పీడుగా వచ్చినవాళ్ళు తలా ఒక దిక్కుకి పడి వెతుకుతుంటారు, కొన్ని దార్లలో కాస్త దూరం కాగితం ఉండి మళ్ళీ మాయమైపోతుంది, అది దొంగ దారి, హేర్స్ కావాలనే వేస్తారు. ఇలా వాళ్ళు కొండెక్కి దిగి చచ్చీ చెడీ వెతికేలోపు వెనకవాళ్ళం నింపాదిగా వచ్చి చెక్ దగ్గర కలుస్తాం. చిన్నప్పటి దొంగా పోలీస్ ఆటకి పెద్దాళ్ళ మెదడు తగిలిస్తే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. బాగా వేసిన దారిలో అరవయ్యేళ్ళాయనా, మారథాన్లు పరిగెత్తే పాతికేళ్ళ కుర్రాడూ ఇంచుమించు ఒకేసారి బయటికొస్తారు, తేడా అల్లా ఆ కుర్రాడు రెట్టింపు దూరం పరిగెత్తి ఉంటాడు. వాడికీ సంతోషమే, మనకీ సంతోషమే.

ఈ మొన్నటి రన్ సెమెన్యి అవతల ఒక ఎస్టేట్‌లో. వాట్సాప్‌లో లొకేషన్ పిన్ పంపుతారు, మెయిన్ రోడ్డు మీద నుంచి కాగితమో సున్నమో వేసిన బాణం గుర్తులు, ఎర్రమట్టి రోడ్డు పక్కన వరసగా కార్లు. గెస్ట్ ఫీజు క్యాష్‌లో కట్టాలి, దాన్ని వసూలు చేసేవాడి పదవి పేరే హ్యాష్ క్యాష్, యాభై రింగిట్ల లోపే, అందులోనే డ్రింక్స్ కూడా, కాబట్టి తాగేవాళ్ళకి లాభం, తాగనివాళ్ళకి గిట్టుబాటు కాదు, అయినా పర్లేదు. సంతకం పెట్టించుకున్నారు. సాయంత్రం ఐదున్నరకి మొదలు. కేఎల్‌లో ఏడున్నర దాకా చీకటి పడదు కాబట్టి రెండు గంటలు చాలనుకుంటారు, కానీ చెట్ల కింద చీకటి ముందే పడుతుంది, ఆ సంగతి కింద చెప్తా.

నాది జంగారెడ్డిగూడెం వైపండీ, పామాయిల్ నాకు కొత్త కాదు, మా చిన్నాన్న వాళ్ళకి తోటుంది, పెదవేగిలో పరిశోధనా సంస్థ కూడా ఉంది. అక్కడ అంతా చదును నేల, డ్రిప్పు పైపులు, కాలవలు, గెల కోసే రోజు ట్రాక్టర్ చెట్టు దాకా వచ్చేస్తుంది. ఇక్కడ వానే నీళ్ళు, డ్రిప్పు ఊసే లేదు. కొండని మెట్లు మెట్లుగా చెక్కి ఒక్కో మెట్టు మీద ఒక్కో వరస చెట్లు నాటారు. చెట్ల కింద మెట్టు వెంబడి నడిస్తే చదునుగా హాయిగా ఉంటుంది, కానీ దారి ఎప్పుడూ మెట్టు వెంబడి పోదు, హేర్స్ అనే వాళ్ళకి జాలి ఉండదు, నిటారుగా మెట్టు మీద నుంచి మెట్టు మీదకి పైకి వేస్తారు. ప్రతి మెట్టూ నడుమెత్తు ఎర్రమట్టి గోడ, మధ్యాన్నం వాన పడితే సబ్బే. చేత్తో గడ్డి పట్టుకోవాలి, గడ్డి ఊడొస్తుంది, పక్కనున్న మట్ట పట్టుకుంటే దాని మొదట్లో రెండు వైపులా రంపం పళ్ళలా ముళ్ళు. కోసిన మట్టలన్నీ వరసల మధ్య కుప్పలేస్తారు, అవి దాటాలంటే కాలు ఎక్కడ దిగుతుందో తెలీదు, కింద పాము చల్లగా పడుకుని ఉండొచ్చు కూడా, అందుకే పాతకాపులు ముందు కర్రతో రెండు దెబ్బలేసి కాలు పెడతారు. రాలిన నారింజ రంగు పళ్ళ మీద అడుగేస్తే గోళీల మీద వేసినట్టే, జర్రున పోతాం.

ఇదంతా చదివి భయపడకండి, ఇదే సరదా. మూడో చెక్ దగ్గర జరిగింది చెప్తాను. ఒక శిఖరం లాంటి చోట కాగితం ఆగిపోయింది, కింద మూడు వైపులా లోయ, స్పీడుగాళ్ళందరూ మూడు ముక్కలై లోపలికి దూకేశారు, ఎవరో కింద నుంచి చెకింగ్ అని అరుస్తున్నారు, ఇంకెవరో అవతలి కొండ మీద నుంచి. నేను కూడా ఆవేశంగా ఎడమ వైపు దిగబోతుంటే వెనక నుంచి తెలుగు వినపడింది. "ఎక్కడికెల్తావమ్మా, ఆగు, ఆళ్ళే తిరిగొచ్చేస్తారు." చూస్తే డెబ్భై దగ్గర పడ్డ పెద్దాయన, చేతిలో గొడుగు కర్ర, రబ్బరు బూట్లు. ఇందాకటి నుంచి మా ఆయనా నేనూ తెలుగులో దెబ్బలాడుకోవడం విన్నాట్ట. వాళ్ళ తాత శ్రీకాకుళం అవతల నుంచి ఎస్టేట్ కూలీగా వచ్చాడంట, బగాన్ దాతో వైపు కొబ్బరి తోటల్లో పెరిగాడంట ఈయన, మాట ఇప్పటికీ అచ్చం ఆ యాసే, మధ్యలో లా అని మలేషియా తోక ఒకటి. "అంకుల్ మీకు దారి ఎలా తెలుసు?" అంటే నవ్వి, "దారి నాకేటి తెల్సు, చెవి పెట్టు. ఆ కుడేపు కుర్రోళ్ళు అరవడం మానేసారు కదా, మానేసారంటే కాయితం దొరికి పరిగెడతన్నారు, అరవడం మర్చిపోయారు లా." అక్షరాలా అదే అయింది. అర నిమిషం తర్వాత కుడి వైపు నుంచి దూరంగా ఆన్ ఆన్, ఎవడో బాకా కూడా ఊదాడు. ఎడమకి దిగినవాళ్ళంతా తిట్టుకుంటూ పైకొస్తుంటే బాబాయ్ గారు గొడుగు కర్ర పొడుచుకుంటూ దర్జాగా నడిచెళ్ళిపోయాడు.

ఆయన అస్సలు పరిగెత్తడు. తోటలు చిన్నప్పటి నుంచి తెలుసు కాబట్టి నీళ్ళు ఎటు పోతాయో చూసి, మట్టి రోడ్డు ఎటు తిరుగుతుందో లెక్కేసి అడ్డదారిన పోతాడు, అలాంటి వాళ్ళకి ఇక్కడ ఒక బూతు బిరుదు కూడా ఉంది. దొరలు సరదాకి కాగితాలు చల్లుకుంటూ పరిగెత్తిన అదే రోజుల్లో ఇలాంటి తోటల్లోనే మనవాళ్ళు, తమిళులు తెల్లారుజామున రబ్బరు పాలు గీసేవాళ్ళు. ఆ మనవడు ఇప్పుడు అదే ఆటలో దొర మనవళ్ళకి దారి చూపిస్తున్నాడు. ఈ మాట ఆయనతో అంటే పెద్దగా పట్టించుకోలేదు లెండి, "బీరు సల్లగా ఉంటాది ఈ క్లబ్బులో, అందుకొస్తాను" అన్నాడు.

తోట దాటాక ఒక అరగంట పాత రబ్బరు తోట, తర్వాత అడవి. పొద కాదు కానీ మహా అడవీ కాదు, ఒకసారి నరికాక మళ్ళీ పెరిగినది. జలగలు ఇక్కడే. ఆకు చివర నిలబడి గాల్లో తల ఊపుతుంటాయి, అగ్గిపుల్లంత కూడా ఉండవు, కుట్టినప్పుడు తెలీదు, వాటి లాలాజలంలో రక్తం గడ్డకట్టనివ్వని పదార్థం ఉంటుంది కాబట్టి పీకేసినా చాలాసేపు కారుతూనే ఉంటుంది, కంగారు పడక్కర్లేదు. వాగు ఒకటి మోకాలి లోతు, చల్లగా, ఆ ఒక్క నిమిషం కోసమే మళ్ళీ వెళ్తాను. కానీ కాలికి పచ్చి దెబ్బలుంటే ఆ నీళ్ళలో దిగేముందు ఆలోచించండి, ఎలకల మూత్రం వల్ల వచ్చే లెప్టో జ్వరం ఇక్కడ ఉంది, రన్ అయిన నెల రోజుల లోపు ఎప్పుడైనా గట్టిగా జ్వరమూ ఒళ్ళు నొప్పులూ వస్తే డాక్టర్‌కి వాగులో దిగాను అని చెప్పాలి, ఊరికే డెంగ్యూ టెస్టుతో సరిపెట్టుకోకూడదు. ఇది నాకు మా ఫ్లాట్ కింద క్లినిక్ డాక్టరమ్మ చెప్పింది.

బూట్ల గురించి ఒక ముక్క. ఐదొందల రింగిట్ల ట్రైల్ షూస్ వేసుకొచ్చినవాళ్ళు జారిపడుతుంటే పాతకాపులందరి కాళ్ళకీ నల్లటి రబ్బరు బూట్లు, అడుగున గుండ్రటి బుడిపెలు, రబ్బరు గీసే కూలీలు వేసుకునేవి, ఊరి హార్డ్‌వేర్ షాపుల్లో పది పదిహేను రింగిట్లకి దొరుకుతాయి. వీటిని ఇక్కడ వెటకారంగా అడిడాస్ కంపుంగ్ అంటారు, అంటే పల్లెటూరి అడిడాస్. మట్టిలో వీటి పట్టుకి సాటి లేదు, నీళ్ళు పోస్తే శుభ్రం, ఆరబెట్టే పనే లేదు. రోడ్డు మీద మాత్రం అరిపాదాలు మండిపోతాయి, లోపల కుషన్ అనేదే లేదు మరి. ఫుట్‌బాల్ సాక్సులు మోకాలి దాకా లాగి వేసుకోండి, జలగలకీ గడ్డి కోతలకీ అదే మందు. చేతికి తోటపని గ్లౌజులు ఉంటే మట్ట ముళ్ళ బాధ తప్పుతుంది.

ఇంకో సంగతి, కొత్త బూట్లు వేసుకొచ్చినట్టు కనిపెట్టారో సర్కిల్‌లో ఆ బూటులోనే బీరు పోసి తాగిస్తారు. జోక్ కాదు.

ఇప్పుడు తిట్లు. ఏడుంబావుకి రబ్బరు తోటలో వెలుతురు పోయింది. తెల్ల కాగితం కూడా కనపడట్లేదు, పైగా నాలుగింటికి పడ్డ వానకి కొన్నిచోట్ల ముక్కలు ముద్దై మట్టిలో కలిసిపోయాయి, కాగితం మంచిదే, కరిగిపోతుంది, ప్లాస్టిక్ రిబ్బన్ల కంటే నయం, కానీ వాన పడ్డప్పుడు హేర్స్‌లో ఒకరు వెళ్ళి మళ్ళీ వేసి రావాలి కదా. అందరి కంటే వెనక ఒక మనిషి నడుస్తూ ఎవరూ మిగిలిపోకుండా చూడాలి, మామూలుగా చాలా క్లబ్బుల్లో చూస్తారు కూడా. ఇక్కడ ఎవరూ లేరు. మా వెనక ఇంకో ఇద్దరు కొరియన్ అమ్మాయిలు, వాళ్ళ దగ్గర టార్చి కూడా లేదు, మొదటిసారి వచ్చారు, గెస్టులకి టార్చి తెచ్చుకోమని ఆ వాట్సాప్ మెసేజ్‌లో ఎక్కడా రాయలేదు. మా ఆయన తలకి కట్టుకునే లైటు తెచ్చాడు కాబట్టి నలుగురం ఒకళ్ళ వెనక ఒకళ్ళం బయటపడ్డాం, ఎనిమిది దాటింది. వచ్చేసరికి సర్కిల్ మొదలైపోయింది, పాటలు పాడుతున్నారు. మొదట్లో సంతకాలు పెట్టించుకున్న కాగితం టేబుల్ మీద బీరు డబ్బా కింద ఉంది, ఎవరొచ్చారో ఎవరు రాలేదో ఎవరూ టిక్కు పెట్టలేదు. నేను అడిగితే "ఎప్పుడూ ఎవరూ పోలేదు, అందరూ వచ్చేస్తారు" అని నవ్వాడు బాధ్యుడైన మనిషి. అదేం సమాధానమండీ? అడవిలో దారి తప్పించడం ఆటలో భాగమే, ఒప్పుకుంటా, అందుకే వచ్చినవాళ్ళని లెక్కపెట్టడం ఇంకా ముఖ్యం. ఏర్పాట్లకి రెండు మార్కులు కట్ చేసింది దీనికే.

సరే, సర్కిల్. ముందు స్నానం, ఇది భలే ఉంటుంది, ప్రతి కారు డిక్కీలోనూ రెండు మూడు పెద్ద నీళ్ళ క్యాన్లు, మగవాళ్ళు లుంగీలు చుట్టుకుని రోడ్డు పక్కనే మగ్గుతో పోసేసుకుంటారు. ఆడవాళ్ళకి ఒక చిన్న టెంట్ లాంటిది ఉంది, దాని జిప్పు పోయింది, మేమే వంతులవారీగా కాపలా. తర్వాత అందరూ గుండ్రంగా నిలబడతారు, మధ్యలో పెద్ద ఐసు దిమ్మ. గ్రాండ్ మాస్టర్ అని ఒకాయన, ఒక్కొక్కళ్ళనీ పిలిచి ఏదో నేరం మోపుతాడు. ముందు పరిగెత్తాడు, రేస్ అనుకున్నాడు, నేరం. వేలు పెట్టి చూపించాడు, మోచేత్తో చూపించాలి, నేరం. క్లబ్బులో పెట్టిన హ్యాష్ పేరుతో కాకుండా అసలు పేరుతో పిలిచాడు, నేరం. వాళ్ళు ప్యాంటు తడిసేలా ఐసు మీద కూర్చోవాలి, అందరూ పాట పాడుతుంటే గ్లాసు ఎత్తి ఒక్క గుక్కలో తాగాలి, ఆగితే మిగిలింది నెత్తిన పోసుకోవాలి. బీరు వద్దంటే హండ్రెడ్ ప్లస్ అనే కూల్ డ్రింక్ ఇస్తారు, మంచినీళ్ళైనా ఇస్తారు, నన్ను బలవంతం చేయలేదు, ఆ మాట మాత్రం చెప్పాలి. మా ఆఫీసులో ముస్లిం కొలీగ్స్‌ని పిలిస్తే బీరు సంగతి విని రామన్నారు, మన ఇళ్ళల్లోనూ చాలామంది అలాగే అనొచ్చు, పరుగు వరకే ఉండి వెళ్ళిపోవచ్చని ముందే తెలిస్తే బాగుండేది.

ఓ ఇరవై నిమిషాలు నిజంగా నవ్వొచ్చింది, పెద్ద కంపెనీ డైరెక్టరూ లారీ డ్రైవరూ ఐసు మీద పక్కపక్కన కూర్చుని ఒకే పాట వినాలి, హోదాలేం పనిచేయవు. ఆ తర్వాత అదే జోకులు. అదే నడుం కింద జోకులు, అవీ ఎక్కువ ఆడవాళ్ళ మీదే. పాటల్లో సగం బూతులు, అది ఎనభై ఏళ్ళ సంప్రదాయం అంటారు. సంప్రదాయం అయితే ఏంటి, ముప్పైయవ సారి విన్నప్పుడు విసుగొస్తుంది. కొత్తగా వచ్చిన ఆ కొరియన్ అమ్మాయిలకి హ్యాష్ పేరు పెడతామని ఒకాయన ఎగబడితే పక్కనున్న చైనీస్ ఆంటీ ఒకావిడ, ఈ క్లబ్బులో చాలా సీనియర్ అంట, "కూర్చో, నీ వంతు అయిపోయింది" అని ఒక్క మాటతో కూర్చోబెట్టింది. ఆవిడకి విడిగా ఐదు స్టార్లు. మొదట పుట్టిన సోమవారం క్లబ్బు ఉంది చూశారూ, దాన్ని మదర్ హ్యాష్ అంటారు, అది మగవాళ్ళదే. హ్యారియెట్స్ అనే పేరుతో నడిచే క్లబ్బులు వేరే ఉన్నాయి, ఆడవాళ్ళు ముందు వాటిల్లో అడిగి చూడండి అని ఆ ఆంటీయే సలహా ఇచ్చింది, మిక్స్‌డ్ క్లబ్బుల్లో కూడా ఒక్కో క్లబ్బు ఒక్కో రకమంట, కొన్నిటికి పిల్లల్ని కూడా తెస్తారట. ఈ క్లబ్బుకి మాత్రం పిల్లల్ని తేవద్దు.

తిండి వేరే ఖర్చు. దగ్గర్లో టౌన్‌లో చైనీస్ రెస్టారెంట్‌లో గుండ్రటి బల్లల మీద, పది మందికి ఒక బల్ల, తలా ఇంత అని పంచుకోవడమే. నాన్ వెజ్ తినేవాళ్ళకి పండగ, స్టీమ్ చేసిన చేప అయితే అల్లం, సోయా వాసనతో, అబ్బో. వెజ్ వాళ్ళు జాగ్రత్త. కాంకుంగ్ అని ఆకుకూర వేపుడు వస్తుంది, అది మన తూటికూరే, చూడగానే హమ్మయ్య అనుకుంటారు, అందులో బెలచాన్ అని ఎండు రొయ్యల ముద్ద వేస్తారు. వెల్లుల్లితో మాత్రమే చేసివ్వమని అడగాలి, అడిగితే చేస్తారు. గుడ్డు కూడా తినని వాళ్ళు పులిహోర డబ్బా కారులో పెట్టుకోవడమే మేలు, మా పక్క బల్ల మీద ఒక తమిళాయన పెరుగన్నం డబ్బా తీస్తే ఎవరూ ఏమీ అనుకోలేదు.

వెళ్ళాలా వద్దా అని అడిగితే, కొండా బురదా ఇష్టమైతే తప్పకుండా వెళ్ళండి, ఈ ఊళ్ళో ఇంత తక్కువ డబ్బుకి ఇంత మంచి సాయంత్రం ఇంకోటి లేదు. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకి ఎక్కడం పర్లేదు గానీ ఆ మట్టి మెట్లు దిగడం కష్టం, కర్ర ఉండాలి. తలకి కట్టుకునే లైటు, విజిల్, ఒక లీటరు నీళ్ళు, పొడి బట్టలు, కారు సీటు మీద వేసుకోడానికి పాత దుప్పటి, జలగలకి చిన్న ఉప్పు పొట్లం. ఇద్దరికి తక్కువ కాకుండా వెళ్ళండి, సంతకం పెట్టేటప్పుడే చివర ఎవరు నడుస్తున్నారు, వచ్చాక పేరు ఎవరికి చెప్పాలి అని అడగండి, నీళ్ళు నమిలారంటే ఆ వారం పరుగు మానేసి ఇంకో క్లబ్బు చూసుకోండి. మేం వచ్చే నెల వేరే క్లబ్బుతో హులు లంగాట్ వైపు వెళ్తున్నాం, బాబాయ్ గారు ఆ క్లబ్బు వాళ్ళు తలకాయలు లెక్కపెడతారని చెప్పాడు, కాకపోతే బీరు అంత చల్లగా ఉండదంట.